ఫోర్కు కథ: ప్రాసెస్సుల పుట్టుకకు వేగము వచ్చిన విధము

కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి ఒక ఆజ్ఞను టైపు చేసి మీట నొక్కును. రెప్పపాటులో జవాబు తెరమీదికి వచ్చును. ఆ రెప్పపాటులోనే యంత్రము లోపల ఒక పుట్టుకయు ఒక గిట్టుటయు జరిగినవని అతడు గుర్తింపడు. ఆజ్ఞను నెరవేర్చుటకు ఒక ప్రాసెస్సు క్రొత్తగా పుట్టినది, పని చేసినది, పోయినది. పెద్ద ప్రోగ్రామును ముక్కలుగా తయారుచేసి కూర్చునప్పుడు ఇట్టి పుట్టుకలు వేల సంఖ్యలో జరుగును. ఒక్కొక్కదానికి సెకనులో నూరవ వంతు పట్టినచో పదివేల పుట్టుకలకు 100 సెకనులు చెల్లును. వెయ్యవ వంతు మాత్రమే పట్టినచో 10 సెకనులతో సరిపోవును. ఆపరేటింగ్ సిస్టములను నిర్మించువారు ఏబది సంవత్సరములకు పైగా ఈ ఒక్క విషయముతో కుస్తీ పట్టుచుండుటకు కారణ మిదియే.

ప్రోగ్రాము వేరు, ప్రాసెస్సు వేరు. 'పాండవోద్యోగ విజయములు' పుస్తకముగా ఒకటియే. కాని ఒకే రాత్రి తెనాలిలో ఒక సమాజమువారు, ఏలూరులో మరియొక సమాజమువారు దానిని ఆడవచ్చును. ఒకచోట రాయబారము నడచుచుండగా మరియొకచోట తెరయే లేవకపోవచ్చును. పుస్తకము ప్రోగ్రాము వంటిది. రంగస్థలముమీద నడచుచున్న ప్రదర్శన ప్రాసెస్సు వంటిది. ప్రదర్శనకు వేదిక, దీపములు, నటులు కావలెను. ఇప్పుడు ఏ పద్యమువరకు వచ్చినదో తెలియవలెను. అట్లే ప్రాసెస్సునకు తనదైన మెమరీ కావలెను, తాను తెరచుకొన్న ఫైళ్ల జాబితా కావలెను, ఏ ఆదేశమువరకు వచ్చినదో చూపు గుర్తు కావలెను. వీటి నన్నిటిని సమకూర్చి, తన పట్టికలో పేరు వ్రాసికొని, క్రొత్త ప్రాసెస్సును నడకకు విడుచుట ఆపరేటింగ్ సిస్టము పని.

ఈ పుట్టుకకు యూనిక్స్ సంప్రదాయములో 'ఫోర్క్' అని పేరు. దారి రెండుగా చీలు చోటును ఇంగ్లీషువారు ఆ మాటతో పిలుతురు. కంప్యూటరు శాస్త్రములో ఆ మాటను ప్రచారమునకు తెచ్చినది 1963లో మెల్విన్ కాన్వే అను అమెరికను వ్రాసిన వ్యాసము. ఒకే గణనము రెండు పాయలుగా చీలి, రెండు ప్రాసెసర్లమీద నడచి, పిదప 'జాయిన్' అను చోట కలిసికొనుట ఆయన ఊహ. గోదావరి ధవళేశ్వరము దిగువ పాయలుగా చీలుట మనవారికి తెలియును. అయితే ఆ పాయలు సముద్రములో గాని కలియవు, కాన్వే పాయలు మాత్రము దారిలోనే కలియును. ఆయన పద్ధతిలో రెండు పాయలును ఒకే మెమరీని వాడుకొనును. నకలు తీయుట అను ప్రసక్తి అక్కడ లేనేలేదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలెను. తరువాత వచ్చిన చిక్కులన్నియు నకలుతోనే వచ్చినవి.

కాన్వే ఊహను మొదట ఆచరణలో పెట్టినవారిలో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. 1960 దశకము నడుమ 'ప్రాజెక్ట్ జీనీ' అను పేర వారొక వ్యవస్థను నిర్మించిరి. అందు తల్లి ప్రాసెస్సు తన పిల్లకు ఏ మెమరీ ఈయవలయునో, అది ఎచ్చటనుండి నడక సాగింపవలయునో తానే చెప్పవచ్చును. ఏమియు చెప్పనిచో తల్లి మెమరీయే పిల్లకును చెల్లును. అక్కడను నకలు లేదు. ఆ విశ్వవిద్యాలయమునందే చదువుకొని కెన్ థాంప్సన్ అను యువకుడు న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలకు ఉద్యోగమునకు పోయెను.

1969లో థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్‌ను ప్రారంభించిన యంత్రము పీడీపీ-7. దాని మెమరీ 8,192 పదములు. ఒక్కొక్క పదము 18 బిట్లు. అందు సగము ఆపరేటింగ్ సిస్టమునకే పోవును. తక్కిన 4,096 పదములలో, అనగా నేటి లెక్కలో 9,216 బైట్లలో, ఒక్క వినియోగదారుని ప్రోగ్రాము నడవవలెను. నేడు చేతిలోని ఫోను తీయు ఒక్క ఛాయాచిత్రమైనను అంత చోటులో పట్టదు. యంత్రమునకు రెండు టెర్మినళ్లు తగిలించియుండెను. కాబట్టి ప్రాసెస్సులును రెండే, టెర్మినలున కొకటి. క్రొత్త ప్రాసెస్సు పుట్టుట యను మాట మొదట లేదు.

అట్లయిన ఆజ్ఞలు ఎట్లు నడచెడివి? ఆ వృత్తాంతమును రిచీ తరువాత వ్రాసియుంచెను. వినియోగదారుని ఆజ్ఞలను చదువు ప్రోగ్రామునకు 'షెల్' అని పేరు. షెల్లు ఆజ్ఞను చదివి, దానికి సంబంధించిన ఫైలును తెరచి, మెమరీ పైకొసలో ఒక చిన్న తునకను ఉంచి, ఆ తునకలోనికి దుమికెడిది. ఆ తునక ఫైలులోని ప్రోగ్రామును షెల్లు ఉన్న చోటనే, షెల్లును చెరిపివేయుచు, దింపెడిది. ఆజ్ఞ తన పని ముగించి సెలవు తీసికొనగానే ఆపరేటింగ్ సిస్టము మరల డిస్కునుండి షెల్లును తెచ్చి ఆజ్ఞను చెరిపి అక్కడ నిలిపెడిది. ఒకే పలకమీద ఒకదానిని చెరిపి మరియొకటి వ్రాయుటవంటి దిది. పలక యొకటే, కాబట్టి ఒక పనిని వెనుక నడువనిచ్చి మరియొక పనిని ముందు పెట్టుకొనుట సాధ్యము కాలేదు.

ఈ లోపమును తీర్చుటకు ఫోర్కు వచ్చెను. ఇక్కడ ఒక అదృష్టము కలిసివచ్చినది. రెండు టెర్మినళ్లకు ఒకే మెమరీ ఉండుటచే ఒకరి ప్రాసెస్సును డిస్కుమీదికి దించి రెండవవారిదానిని మెమరీలోనికి ఎక్కించు ఏర్పాటు అప్పటికే కలదు. థాంప్సన్ చేసినది ఇంతే: ప్రాసెస్సుల పట్టికను కొంచెము పెంచెను, నడచుచున్న ప్రాసెస్సును డిస్కుమీదికి దించి, దానికొక క్రొత్త పేరు పెట్టి, మెమరీలోని దానిని చెరుపక అట్లే ఉంచెను. ఒకటి డిస్కుమీద, ఒకటి మెమరీలో: తల్లియు పిల్లయు. క్రొత్తగా వ్రాయవలసి వచ్చిన అసెంబ్లీ భాషా పంక్తులు సరిగా 27.

పిల్ల అచ్చముగా తల్లివలె ఉండుట మొదట వింతగా తోచును. షెల్లునకు కావలసినది మరియొక షెల్లు కాదు గదా, ఫైళ్ల జాబితా చూపు ప్రోగ్రామో, అక్షరములు లెక్కించు ప్రోగ్రామో! కాని పిల్ల షెల్లు పుట్టిన వెంటనే పూర్వపు పద్ధతిలో తన్ను తాను చెరుపుకొని ఆ ప్రోగ్రాముగా మారిపోవును. ఈ రూపాంతరమునకే 'ఎగ్జెక్' అని పేరు. పుట్టుట యొకటి, రూపు మారుట మరియొకటి. ఈ రెంటి నడుమ పిల్లకు ఒక చిన్న అవకాశము చిక్కును: తన ఫలితము టెర్మినలుకు కాక ఒక ఫైలులోనికి పోవునట్లు ఆ విరామములో తానే సర్దుకొనవచ్చును. యూనిక్స్ షెల్లునందలి సౌలభ్యములు పెక్కు ఈ విరామమునుండి పుట్టినవే. రెండు పనులను ఒకటిగా కలిపిన పిలుపు నొకదానిని మొదటనే నిర్మించియుండినచో అది ఎంతో జటిలముగా ఉండెడిదని రిచీ అభిప్రాయము.

ఆ సంతోషములోనే వారికొక తికమక ఎదురయ్యెను. ఒక డైరెక్టరీనుండి మరియొక డైరెక్టరీకి మారు ఆజ్ఞ పనిచేయుట మానివేసెను. మారుమని చెప్పుదురు, యంత్రము సరేననును, చూచుకొనినచో ఉన్నచోటనే ఉందురు. ప్రోగ్రామును పదేపదే చదివి చూచినను తప్పు కానరాలేదు. చిట్టచివరకు సంగతి తట్టినది. ఆజ్ఞను నడుపుచున్నది ఇప్పుడు పిల్ల ప్రాసెస్సు. అది బుద్ధిగా క్రొత్త డైరెక్టరీకి మారినది. మారిన మరుక్షణమే పని ముగిసి పోయినది. తల్లియైన షెల్లు మాత్రము కదలక మెదలక తొల్లిటి చోటనే ఉన్నది! ఆనాటినుండి డైరెక్టరీ మార్చు ఆజ్ఞను పిల్లకు అప్పగింపక షెల్లు తానే నెరవేర్చుచున్నది. నేటి లినక్స్ షెల్లులో 'సీడీ' ఆజ్ఞ షెల్లు లోపలనే ఉండుటకు కారణ మడుగు విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ కథను చెప్పవచ్చును.

9,216 బైట్లను డిస్కుమీదికి నకలు తీయుట ఆ యంత్రమునకు పెద్ద భారము కాదు. ప్రాసెస్సును మార్చు ప్రతిసారి ఆ శ్రమ ఎట్లును పడుచునే యున్నది. ఫోర్కు అందమంతయు యంత్రపు చిన్నతనముమీద ఆధారపడియుండెనని చెప్పిన తప్పు లేదు. పీడీపీ-11 మీదికి యూనిక్స్ మారిన పిదప మొదటి పొదుపు జరిగినది. ప్రాసెస్సు మెమరీలో కొంత భాగము ఆదేశములు, కొంత భాగము అవి మార్చుచుండు దత్తాంశములు. ఆదేశములు నడకలో మారవు. మారనిదానికి రెండు ప్రతులు ఏల? కాబట్టి ఆదేశముల భాగమును చదువుటకు మాత్రమే వీలగునట్లు బంధించి, ఒకే ప్రతిని తల్లి పిల్లలు పంచుకొనునట్లు చేసిరి. దత్తాంశములను మాత్రము నకలు తీసెడివారు. 1974లో థాంప్సన్, రిచీలు యూనిక్స్‌నుగూర్చి ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ఈ ఏర్పాటు వర్ణింపబడినది.

యంత్రములు పెరిగినవి. 1977లో డిజిటల్ కంపెనీవారు వాక్స్ 11/780 అను యంత్రమును ప్రకటించిరి. 1978లో అట్టి యంత్రము బర్క్లీకి వచ్చెను. దానిని కోరినవారు బీజగణితము చేయు 'మాక్సిమా' అను పెద్ద లిస్ప్ ప్రోగ్రామును నడుపు ఆచార్య రిచర్డ్ ఫేట్‌మన్ బృందము. బెల్ ప్రయోగశాలలనుండి వచ్చిన యూనిక్స్ 32/వీ ఆ యంత్రముమీద నడచెను గాని, యంత్రమునందున్న వర్చువల్ మెమరీ సదుపాయమును వాడుకొనలేకపోయెను. యంత్రమున మొదట ఉన్న మెమరీ ఒక్క మెగాబైటు. ప్రాసెస్సు అంతకుమించి పెరుగుటకు వీలులేదు. ఓజాల్ప్ బాబావొగ్లు అను పరిశోధక విద్యార్థియు, బిల్ జాయ్‌యు కలిసి వర్చువల్ మెమరీని యూనిక్స్‌లోనికి తెచ్చిరి. 1979 చివర విడుదలయైన 3బీఎస్‌డీలో అది వెలువడెను.

ఇక ప్రాసెస్సులు మెగాబైట్లకు పెరుగవచ్చును. పెరిగిన ప్రాసెస్సు ఒక చిన్న ఆజ్ఞను నడుపగోరినను, ముందు తన యావత్తు మెమరీకి నకలు తీయించవలెను. పిల్ల పుట్టగానే ఆ నకలునంతటిని ఎగ్జెక్ పిలుపుతో పారవేసి వేరొక ప్రోగ్రాముగా మారిపోవును. చుట్టుపక్క లెవ్వరును చదువని మహాభారతమునకు రాత్రింబవళ్లు కూర్చుండి తాటాకులమీద ప్రతి వ్రాసి, వ్రాత ముగియగానే పొయ్యిలో పెట్టినట్లు!

బాబావొగ్లు, జాయ్‌లు దీనికి చేసిన ఉపాయము 'వీఫోర్క్' అను క్రొత్త పిలుపు. అందులో నకలే లేదు. పిల్ల పుట్టగానే తల్లి నిద్రపోవును. పిల్ల తల్లి మెమరీనే వాడుకొనుచు, వేరు ప్రోగ్రాముగా మారినప్పుడో, నిష్క్రమించినప్పుడో తల్లికి మెలకువ వచ్చును. ఇల్లుగలవారు నిద్రించుచుండగా ఆ ఇంటనే కాలు నిలిపి, తన బండి రాగానే వెడలిపోవు అతిథి వంటిది ఈ పిల్ల. అతిథి మర్యాదస్థుడైనచో బాధ లేదు. కాని ఇంటి సామానులు అటునిటు మార్చినచో, మేలుకొన్న యజమానికి ఏది ఎక్కడ నున్నదో తెలియక తల తిరుగును. పిల్ల ఒక విలువను మార్చినచో తల్లి విలువయే మారును. పిల్ల తాను పిలువబడిన ఉపప్రోగ్రామునుండి తిరిగి వచ్చినచో తల్లి నడక పట్టాలు తప్పును. ఈ ప్రమాదము నిర్మాతలకు తెలియును. సరియైన మెమరీ పంపక పద్ధతి రాగానే ఈ పిలుపును తొలగింతుమని, దాని వింత లక్షణములమీద ఎవ్వరును ఆధారపడవలదని బర్క్లీవారి గ్రంథములోనే హెచ్చరించిరి. తాత్కాలికమని కట్టిన పాకలు ఎంతకాలము నిలుచునో ఊరివారి కెరుకే. ఈ పాక కథ ముందు వచ్చును.

వారు ఎదురుచూచిన 'సరియైన పద్ధతి' నిజమునకు అప్పటికే మరియొకచోట పనిచేయుచుండెను. మసాచుసెట్స్‌లోని బీబీఎన్ అను సంస్థలో పీడీపీ-10 యంత్రముకొరకు నిర్మించిన టెనెక్స్ అను ఆపరేటింగ్ సిస్టమునుగూర్చి 1972లో బాబ్రో, బర్చ్‌ఫీల్, మర్ఫీ, టామ్లిన్సన్ అను నలుగురు వ్యాసము ప్రకటించిరి. వీరిలో రే టామ్లిన్సన్ యంత్రమునుండి యంత్రమునకు ఈ-మెయిలు పంపిన మొదటివాడుగా లోకమునకు తెలిసినవాడు. ఆ టెనెక్స్‌లో మెమరీ పేజీలుగా విభజింపబడియుండెను. వ్రాయబోయినప్పుడు మాత్రమే పేజీకి నకలు తీయు ఏర్పాటు అందు కలదు. దానికే 'కాపీ ఆన్ రైట్' అని పేరు.

ఉమ్మడి కుటుంబపు ఆచారముతో దీనిని పోల్చవచ్చును. తండ్రి పోయిన వెంటనే అన్నదమ్ములు గట్లు వేసికొనరు. పొలము ఉమ్మడిగానే ఉండును. అందరును ఆ ఫలసాయమే తినుచుందురు. ఎవరో ఒకరు ఒక మడిలో వేరు పైరు వేయదలచినప్పుడే ఆ మడివరకు పంపకమాట వచ్చును. తక్కినది ఉమ్మడిగానే సాగును. కంప్యూటరులో ఈ ధర్మకర్తృత్వము పేజీ పట్టికది. ప్రాసెస్సు వాడు ప్రతి చిరునామా యంత్రపు అసలు మెమరీలో ఎక్కడ నున్నదో ఆ పట్టికలో వ్రాసియుండును. ఆ పేజీని చదువుటకు మాత్రమే హక్కు కలదా, వ్రాయుటకు కూడ కలదా అన్నదియు అందే యుండును. ఫోర్కు జరిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టము పేజీలను ముట్టదు. పట్టికకు మాత్రము నకలు తీసి, తల్లి పట్టికలోను పిల్ల పట్టికలోను వ్రాయు హక్కును కొట్టివేయును. తరువాత ఇద్దరిలో ఎవరైనను ఒక పేజీలో వ్రాయబోయినచో ప్రాసెసరు అడ్డుపడి ఆపరేటింగ్ సిస్టమును పిలుచును. అది ఆ ఒక్క పేజీకి నకలు తీసి, వ్రాయబోయినవారికి క్రొత్త పేజీనిచ్చి, వ్రాయు హక్కు కలుగజేసి, నడక సాగించును. నకలు తీయబడినదని ప్రాసెస్సునకు తెలియనే తెలియదు.

ఈ పద్ధతి యూనిక్స్ కుటుంబములోనికి 1980 దశకములో వ్యాపించెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ రషీద్ బృందము నిర్మించిన మాక్ దీనిని మూలసూత్రముగా గ్రహించెను. 1986లో ఆ బృందమువారి వ్యాసము వెలువడెను. 1991లో హెల్సింకీ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లో మొదటి ప్రతినుండియు ఇదే పద్ధతి.

అయితే హార్డువేరు సహకరింపనిచో ఎంత మంచి ఊహయు కుంటుపడును. లినక్స్ పుట్టిన ఇంటెల్ 80386 ప్రాసెసరులో ఒక లోపము కలదు. సామాన్య ప్రోగ్రాము వ్రాయరాని పేజీలో వ్రాయబోయినచో ఆ ప్రాసెసరు అడ్డుపడును. కాని ఆపరేటింగ్ సిస్టమే వ్రాయబోయినచో అడ్డుపడదు. కావలివాడు పరులను ఆపును గాని దొరగారి మనిషిని ఆపడు. ఆపరేటింగ్ సిస్టము ఒక ఫైలునుండి చదివిన అక్షరములను పిల్ల పేజీలో పెట్టబోయి, తెలియకయే తల్లి పేజీని కూడ మార్చివేయు ప్రమాదము ఏర్పడెను. కాబట్టి అట్టి ప్రతి వ్రాతకు ముందు లినక్స్ తానే పట్టికను పరిశీలింపవలసి వచ్చెను. 1989లో వచ్చిన 80486లో ఇంటెల్‌వారు ఈ లోపమును సవరించిరి. పాత ప్రాసెసరుకొరకు చేసిన ఆ ఏర్పాట్లు మాత్రము 2013లో విడుదలయైన లినక్స్ 3.8లో, 80386ను వదలివేసిన పిదపనే తొలగినవి.

ఫోర్కు జరిగిన పిదప తల్లి ముందు నడవవలెనా, పిల్ల ముందు నడవవలెనా యను చర్చయు కొంతకాలము సాగినది. తల్లి ముందు నడచి తన పేజీలలో వ్రాసినచో ఒక్కొక్కదానికి నకలు తీయవలసివచ్చును. పిల్ల ముందు నడచి వెంటనే రూపు మార్చుకొనినచో ఆ నకళ్ల అవసరమే తప్పును. ఈ తర్కము బలమైనదే. కాని తల్లికి కావలసిన దత్తాంశములు అప్పటికే ప్రాసెసరు చేరువలోని వేగపు మెమరీలో సిద్ధముగా నుండును; దానిని ఆపి పిల్లను ఎక్కించుటకును ఖర్చు కలదు. 2009లో వచ్చిన లినక్స్ 2.6.32 తల్లివైపే మొగ్గెను.

ఇక పాక కథ. 1993లో వెలువడిన 4.4బీఎస్‌డీ, మాక్‌నుండి గ్రహించిన మెమరీ పద్ధతితో, వీఫోర్కును మామూలు ఫోర్కువలెనే నడుపసాగెను. ఇచ్చిన మాట నిలుపుకొన్నట్లే. కాని 1990 దశకము చివర నెట్‌బీఎస్‌డీవారు కొలిచి చూచి, పాత వీఫోర్కే ఇంకను వేగవంతమని గ్రహించి దానిని మరల తెచ్చిరి. లినక్స్‌లోను 1999నాటి 2.2 ప్రతితో అసలైన వీఫోర్కు వచ్చినది; ఈ పునర్జన్మను హర్షింపనివారి మాట లినక్స్ గ్రంథములోనే చోటుచేసికొన్నది. 2008లో పోసిక్స్ ప్రమాణమునుండి వీఫోర్కును తొలగించిరి. అయినను అది వ్యవస్థలలో నడచుచునే యున్నది. పేజీలకు నకలు తీయుట ఆగిపోయిన తరువాత కూడ ఆ అతిథి ఎందుకు గెలిచెను?

పట్టికవలన. గ్రామమందలి భూమి పంచకపోయినను కరణముగారు అడంగలు మొత్తము తిరిగి వ్రాయవలసివచ్చినచో ఆ వ్రాతకే దినములు పట్టును. పేజీ సాధారణముగా 4,096 బైట్లు. ఒక గిగాబైటు మెమరీకి 2,62,144 పేజీలు. 64 బిట్ల ప్రాసెసరులో పట్టికలోని ఒక్కొక్క నమోదుకు 8 బైట్లు. అనగా పట్టికయే 2 మెగాబైట్లు. 16 గిగాబైట్ల ప్రాసెస్సునకు 41,94,304 నమోదులు, 32 మెగాబైట్ల పట్టిక. పీడీపీ-7లో ప్రాసెస్సు మొత్తమునకు తీసిన నకలుకంటె ఇది మూడువేల రెట్లకు పైబడినది! పైగా తల్లి వ్రాయు హక్కు పోయినదను వార్తను, ఆ తల్లి పని నడచుచున్న ప్రాసెసర్లన్నిటికిని తెలుపవలెను. 2005లో లినక్స్‌వారు ఫైళ్లనుండి తిరిగి పొందదగిన పేజీలకు సంబంధించిన నమోదులను ఫోర్కులో నకలు తీయుట మానిరి. పిల్లకు కావలసినప్పుడు అవి నింపబడును. వీఫోర్కులోనైతే పట్టికకు కూడ నకలు లేదు.

వీఫోర్కు వేగమును దాని ప్రమాదము లేకుండ ఇచ్చు పిలుపు ఒకటి 1999లో పోసిక్స్ ప్రమాణములో చేరినది. దాని పేరు పోసిక్స్ స్పాన్. పుట్టుకను, రూపాంతరమును ఒకే పిలుపులో కలిపి, నడుమ చేయవలసిన సర్దుబాట్లను ఒక జాబితాగా ముందే ఇచ్చుట దాని పద్ధతి. విండోస్ ఎన్‌టీ 1993నుండి క్రొత్త ప్రాసెస్సును ఏ ప్రోగ్రాముతో పుట్టింపవలెనో పిలుపులోనే చెప్పించుకొనుచున్నది. లినక్స్‌లో విరివిగా వాడబడు గ్నూ సీ లైబ్రరీ 2016లో పోసిక్స్ స్పాన్‌ను తల్లి మెమరీనే పిల్ల వాడుకొను రీతిగా తిరిగి వ్రాసెను. అనగా వీఫోర్కు కిటుకే; కాని అతిథిని ఒంటరిగా వదలక, లైబ్రరీ తానే వెంటనుండి సాగనంపును.

నకలు తీయు గుణము ఎప్పుడును శాపమే యనుకొనరాదు. 2008లో ఫోన్లలోనికి వచ్చిన ఆండ్రాయిడ్‌లో 'జైగోట్' అను ప్రాసెస్సు ఒకటి కలదు. జీవశాస్త్రోపాధ్యాయులు సంయుక్తబీజ మని చెప్పునది ఈ పేరే. ఫోను మేలుకొనగానే అది పుట్టి, అనువర్తనముల కన్నిటికిని కావలసిన సామగ్రిని ముందుగనే మెమరీలో నింపుకొని కూర్చుండును. వినియోగదారుడు ఒక అనువర్తనమును తెరచినప్పుడు జైగోటు ఫోర్కు చేయును. పిల్ల సకలసామగ్రితో పుట్టును. ఆ సామగ్రిలో మార్పు చెందని పేజీలు అనువర్తనములన్నిటికిని ఉమ్మడి. ఇక్కడ వేగము వచ్చినది నకలును తప్పించుటవలన మాత్రమే కాదు, తల్లిని పోలిన పిల్ల కావలసియుండుటవలన. 2009లో సాల్వతోరె సాన్‌ఫిలిప్పో ప్రారంభించిన రెడిస్ అను దత్తాంశ నిలయమునకును ఇట్టి అవసరమే కలదు. మెమరీలోని దత్తాంశములను డిస్కుమీద భద్రపరచునప్పుడు అది ఫోర్కు చేయును. తల్లి యథావిధిగా మార్పులు చేయుచుండగా, పిల్ల తాను పుట్టిన క్షణమునాటి చిత్రమును తాపీగా వ్రాసికొనును. పోసిక్స్ స్పాన్ ఈ పనికి పనికిరాదు.

2019లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల, బోస్టన్ విశ్వవిద్యాలయము, జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లకు చెందిన బౌమన్, అప్పావూ, క్రీగర్, రోస్కో అను నలుగురు ఫోర్కును ఖండించుచు ఒక వ్యాసము వ్రాసిరి. నేటి వ్యవస్థలకు అది తగదు, నెమ్మదియైనది, ఆపరేటింగ్ సిస్టము నిర్మాణమునే వంకర త్రోవ పట్టించుచున్నది అని వారి వాదము. తరగతిలో దీనిని ఆదర్శముగా కాక చారిత్రకావశేషముగా బోధింపవలెనని కూడ వారు కోరిరి. వారి ఆక్షేపణలలో పెక్కు బలమైనవే. కాని రెడిస్, జైగోటుల వంటి వాడుకలు ఉన్నంతకాలము అవశేష మనుట తొందరపాటే యగును. ఏబది సంవత్సరముల క్రితపు 27 పంక్తులు ఇంత వాదమునకు ఎడమిచ్చుట మాత్రము విశేషము.

పట్టిక నకలు భారమును తగ్గించుటకు పేజీలనే పెద్దవిగా చేయు మార్గ మొకటి కలదు. 2 మెగాబైట్ల పేజీలు వాడినచో 16 గిగాబైట్లకు 8,192 నమోదులే చాలును. కాని అప్పుడు ఒక్క అక్షరము మార్చినను నకలు తీయవలసినది 4,096 బైట్లు కాదు, దానికి 512 రెట్లు. 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన ముగ్గురు పరిశోధకులు మరియొక మార్గమును చూపిరి. పేజీ పట్టిక నిజమునకు ఒకే పట్టిక కాదు. అంచెలంచెలుగా అమర్చిన పట్టికల కూటమి. చివరి అంచెలోని ఒక్కొక్క పట్టికలో 512 నమోదులు, అవి ఏలు మెమరీ 2 మెగాబైట్లు. పేజీలకు వర్తించిన ఉమ్మడి న్యాయమునే వీరు ఈ చివరి పట్టికలకును వర్తింపజేసిరి. ఫోర్కు సమయమున తల్లి పిల్లలు చివరి పట్టికలను కూడ పంచుకొందురు. ఎవరైనను వ్రాయబోయినచో ముందు ఆ ఒక్క పట్టికకు, పిదప ఆ ఒక్క పేజీకి నకలు తీయబడును. 16 గిగాబైట్ల ప్రాసెస్సు ఫోర్కు చేయునప్పుడు 41,94,304 నమోదులు తాకనక్కరలేదు. పై అంచెలోని 8,192 నమోదులు తాకిన చాలును. పేజీల పరిమాణము 4,096 బైట్లుగానే ఉండును.